పదహారో తాడు

చాట్రాయి,
జనవరి 19, 2025.

పుష్పవతి అత్తయ్యకు, మేనకోడలు ఉదయశ్రీ నమస్కారాలు.

మీ మోకాలి ఆపరేషన్ అయిందనీ, బాపులపాడులో శ్రీలలిత వదిన వాళ్ల హాల్లోనే మంచం వేశారనీ నాన్న చెప్పారు. ఫోన్ చేస్తే మన మాటలు ఇల్లంతా వింటుంది కాబట్టి ఉత్తరం రాయమన్నారట. నాకూ అదే నయం. నలభై ఏళ్లు వచ్చినా మీ ఎదురుగా నిలబడితే నా నోటికి ‘సరే అత్తయ్యా’ తప్ప ఇంకో మాట రాదు.

మీరు కోలాటం ఈల నా చేతిలో పెట్టి వెళ్లి మూడు నెలలైంది. అంగన్‌వాడీ మూసి రాగానే రోజూ సాయంత్రం మామిడికాయల గ్రేడింగ్ షెడ్డులో ఆడుతున్నాం. కాయల సీజన్ వచ్చేదాకా అది ఖాళీయేగా. ఏప్రిల్‌లో నూజివీడులో కోలాటం పోటీలు ఉన్నాయట, గుడి కమిటీ ప్రెసిడెంటు లక్ష్మీనరసింహారావు గారు మన జట్టు పేరు ఇచ్చేశారు. జడ కోలాటమే వేస్తున్నాం. పైన చక్రానికి పదహారు తాళ్లు, ఎడమచేతిలో తాడు, కుడిచేతిలో కర్ర. ఎనిమిది మంది ఇటు, ఎనిమిది మంది అటు. ఒకరి తాడు కిందనుంచి ఒకరు దూరి వెళితే జడ పడుతుంది, వెనక్కి ఆడితే విడుతుంది. మీరు నేర్పినదాన్ని మీకే చెబుతున్నాను. కంగారులో ఉన్నాను, అందుకు.

మన వీధి చివర రమణమ్మ పిన్నికి కిందటి శ్రావణంలో పక్షవాతం వచ్చిందిగా. కాలు మళ్లీ వచ్చింది. ఎడమచేయి మాత్రం భుజం దాకా లేచి ఆగిపోతుంది. పోయిన నెల తనే షెడ్డుకి వచ్చి, “పదహారో మనిషి లేదంటున్నావుగా, నన్ను వేసుకో” అంది. వేసుకున్నాను. ఆమె దగ్గరికి వచ్చేసరికి వరస ఆగుతోంది. చేయి పైకి లేవదు, దూరి వెళ్లేవాళ్ల మెడకి తాడు అడ్డం పడుతుంది.

మొన్న నేను మైకులో, “రమణమ్మ పిన్నీ, మీరు కంగారు పడకండి, మీకోసం అందరం నెమ్మదిగా వేస్తాం” అన్నాను. మంచి మాటే అనుకున్నాను. పదిహేను తలలు ఒక్కసారి ఆమె వైపు తిరిగాయి. ఆమె ఆట అయ్యేదాకా ఉండి, తాడు చుట్టి మేకుకి తగిలించి వెళ్లిపోయింది. నాలుగు రోజులైంది, రావడం లేదు.

ఏం చెయ్యమంటారు?

మీ
ఉదయశ్రీ

*

బాపులపాడు,
జనవరి 28.

చిరంజీవి ఉదయశ్రీకి, అత్తయ్య దీవెనలు.

నా గురించి దిగులు పెట్టుకోకు. బాగానే నడుస్తున్నాను. డాక్టరు గారే ఆశ్చర్యపోయారు. ఉగాదికల్లా వచ్చేస్తాను.

రమణమ్మ మానెయ్యడం మంచిదైంది. తనంతట తను తప్పుకుంది, చెప్పే బాధ నీకు తప్పింది. నీది మెత్తని మనసు. దాంతో పిల్లలకి పాలూ గుడ్లూ పంచొచ్చు గానీ జడ కోలాటం నడపలేవు. ఒక్క మనిషి తప్పు తిరిగితే పదహారు తాళ్లూ ముడిపడతాయి. పాతికేళ్లు ఆ జట్టుని నడిపాను. విస్సన్నపేటలో గానీ, తిరువూరులో గానీ ఎవరూ మనకి వంక పెట్టలేదంటే, కాలు తడబడ్డవాళ్లని అప్పటికప్పుడు పక్కన పెట్టాను కాబట్టే. కోలాటం ఆసుపత్రి కాదు.

ఆమెకి చిన్నతనం కాకుండా ఏదన్నా అప్పజెప్పు. గొంతు బాగుంటుంది, మైకు దగ్గర పాడమను. ఆ చోట్లోకి మన జట్టులోని కీర్తిప్రియతో డిగ్రీ చదివే పిల్లల్లో ఒకరిని తీసుకో.

ఇది సలహా అనుకోకు. చెయ్యమని చెబుతున్నాను.

అత్తయ్య

*

చాట్రాయి,
ఫిబ్రవరి 12.

అత్తయ్యకు నమస్కారాలు.

మీరు చెప్పినట్టు చెయ్యలేదు. ఈ ఒక్క ముక్క కాగితం మీద పెట్టడానికి నాకు రెండు వారాలు పట్టింది.

రమణమ్మ పిన్ని ఇంటికి వెళ్లాను. ఒంటిచేత్తో చింతపండు గింజలు తీస్తోంది.

“ఏంటి పిన్నీ, రావట్లేదు?”

“మంచంలో ఉన్నప్పుడు ఊరంతా వచ్చి జాలిగా చూసిపోయారమ్మాయ్. అది చాలు. అక్కడికి కూడా వచ్చి చూపించుకోవాలా?”

“నాదే తప్పు. మైకు ఇంక పట్టుకోను.”

“తప్పు తిరిగితే తిట్టు. అందర్నీ తిట్టినట్టే తిట్టు. నాకోసం నెమ్మదిగా వేస్తామని మాత్రం అనకు.”

మర్నాడు వచ్చింది. ఆ సాయంత్రం నేను తాళ్లు దింపలేదు. “ఇవాళ ఒక్క కర్రతోనే ఆట. ఎడమచేయి నడుం వెనక పెట్టుకోవాలి. ఎవరు ముందుకి తీస్తే వాళ్లు పాట పాడాలి” అన్నాను. చూడాలి మా అవస్థ. చేయి వెనక్కి పోయేసరికి ఒక్కరికీ ఒంట్లో బరువు కుదరలేదు. కీర్తిప్రియ రెండుసార్లు పడబోయింది. ఆర్నెల్లుగా ఒంటిచేత్తో నీళ్లు తోడి, వంట చేసి, జడ వేసుకున్న మనిషి ఒక్కతే నిలబడి ఆడింది. కాసేపటికి రమణమ్మ పిన్నే కీర్తిప్రియ పక్కన చేరి, “భుజంతో తిరక్కు, నడుంతో తిరుగు” అని నేర్పుతోంది. అందరికీ అర్థమైంది.

తరవాత కోపులో అడుగుల వరస కొంచెం మార్చాను. తాడు కిందనుంచి వెళ్లేటప్పుడు ప్రతివాళ్లూ ప్రతివాళ్ల దగ్గరా మోకాలు మడిచి, తల వంచి వెళ్లాలి. రమణమ్మ పిన్ని దగ్గర ఒక్కచోటే కాదు. కీర్తిప్రియ అంత పొడుగు పిల్ల తాడు చూరంత ఎత్తులో ఉన్నా వంగే వెళ్లాలి. ఎందుకని అడిగితే, గాలికి చేను వంగినట్టు అందంగా ఉంటుందని చెప్పాను. సాకు చెబుతున్నాననుకున్నాను. పక్కకి వెళ్లి చూస్తే నిజంగానే అలా ఉంది.

ఇంకో సంగతి ఎవరికీ చెప్పలేదు, మీకే రాస్తున్నాను. ఆమెకి నేను జోడీ వచ్చినప్పుడు ఆమె కర్ర ఎక్కడికి వస్తే నా కర్రని అక్కడికి తీసుకెళ్తున్నాను. చప్పుడు ఒక్కటే వినపడుతుంది. వారం తిరిగేసరికి మిగతావాళ్లు కూడా అలాగే చేస్తున్నారు. నేను చెప్పలేదు.

మీకు కోపం వస్తుందని తెలుసు.

ఉదయశ్రీ

*

బాపులపాడు,
ఫిబ్రవరి 20.

ఉదయశ్రీకి,

ఉత్తరం అందింది. పెద్దదానివయ్యావు. నీ ఇష్టం.

ఒకటి గుర్తు పెట్టుకో. వంగి వెళ్లడమనేది మన కోలాటంలో లేదు. తలెత్తుకుని వెళ్లడమే నేను నేర్పాను.

పుష్పవతి

*

చాట్రాయి,
మార్చి 10.

అత్తయ్యా,

ఈ ఉత్తరంలో నమస్కారం పెట్టలేదు. మరిచిపోయి కాదు.

శనివారం సాయంత్రం లక్ష్మీనరసింహారావు గారు షెడ్డుకి వచ్చారు. ఆట చూసి, నన్ను పక్కకి పిలిచి, “ఏంటమ్మా ఆవిడ? స్టేజీ మీద వీడియో తీస్తారు. ఆవిణ్ణి తీసెయ్” అన్నారు. కుదరదండీ అన్నాను. “నా మాట కాదమ్మా. మీ అత్తయ్యగారే ఫోన్ చేసి చెప్పారు, ఉదయశ్రీ వల్ల కావట్లేదు, మీరే కలగజేసుకోండి అని.”

మీ మంచం హాల్లో ఉందని, నాతో మాట్లాడటానికి ఫోన్ పనికిరాదన్నారుగా. ఆయనతో మాట్లాడటానికి ఎలా పనికొచ్చింది?

నేను మళ్లీ కుదరదన్నాను. ఆయన అక్కడే నిలబడి ఫోన్ తీసి, మా కోలాటం వాట్సాప్ గ్రూప్‌లోంచి రమణమ్మ పిన్నిని తీసేసి, ఆ సంగతి అందులోనే రాసి పెట్టారు. ఆయనేగా అడ్మిన్. పదిహేను ఫోన్లు ఒక్కసారే మోగాయి. పిన్ని తన ఫోన్ చూసుకుంది. కొంగు దోపుకుని, “పాట వెయ్యండమ్మా, ఇంకా సగం ఉంది” అంది.

పాట వేసేలోగా నేను గ్రూప్‌లోంచి బయటికి వచ్చేశాను. నా తరవాత కీర్తిప్రియ. అన్నాల వేళకి పదిహేను మందిమీ వచ్చేశాం. ఇప్పుడు ఆ గ్రూప్‌లో ఉన్నది ప్రెసిడెంటు గారూ, సౌండ్ సిస్టం వినోదూ. వినోద్ నన్ను అడిగాడు, “అక్కా, నేను కూడా రావాలా?” అని.

కమిటీ ఇచ్చిన ఆకుపచ్చ చీరలు పదహారూ ఇస్త్రీ చేయించి తిరిగి పంపేశాం. మన పేరు కొట్టించేస్తానన్నారట. కొట్టించుకోమనండి. వేరే పేరుతో మేమే ఇచ్చుకుంటాం. ఎవరి చీర వాళ్లం కట్టుకుంటాం.

మీరు నేర్పిన జట్టుని నేను పాడు చేశానని అనుకుంటే అనుకోండి. కానీ నాకు చెప్పి చెయ్యాల్సింది. నా వెనక కాదు.

ఉదయశ్రీ

*

బాపులపాడు,
మార్చి 24.

చిరంజీవి ఉదయశ్రీకి,

అవును. నేనే ఫోన్ చేశాను. శ్రీలలిత గుడికి వెళ్లినప్పుడు చేశాను. తప్పని తెలిసే చేశాను.

ఇంకో అబద్ధం కూడా ఉంది. బాగా నడుస్తున్నానని రాశాను. నడవడం లేదు. మోకాలు వంగడం లేదు, వాకర్ లేకుండా మంచం దిగలేను. డాక్టరు గారు ఆశ్చర్యపోలేదు, రెండో కాలికి చెయ్యడానికి ఇప్పుడే తొందర లేదన్నారు. ఊళ్లో ఎవరికీ తెలియకూడదని నీకు అలా రాశాను.

ఇక్కడ రోజూ ఫిజియోథెరపీకి తీసుకెళ్తున్నారు. అక్కడి అమ్మాయి మంచిదే. మొదటివారంలో ఒకరోజు నేను గోడ పట్టుకుని నడుస్తుంటే గట్టిగా, “అందరూ కాస్త జరగండి, పాపం అమ్మమ్మగారు నడవలేరు” అంది. అక్కడున్న అందరూ నన్నే చూశారు. పాతికేళ్లు ఈల నోట్లో పెట్టుకుని జనాన్ని నడిపించినదాన్ని, నేల చూసుకుంటూ నిలబడ్డాను. నీ మొదటి ఉత్తరం అప్పటికే నా సంచిలో ఉంది. పదిహేను తలలు అని రాశావే, అవి ఎలా ఉంటాయో ఆ పూట తెలిసింది. తెలిసీ నీకు ఆ జవాబు రాశాను. తెలిసింది కాబట్టే అంత కోపంగా రాశానేమో.

అక్కడికే మార్టిన్ గారని రిటైరైన బస్సు డ్రైవరు వస్తారు, ఆయనకి తుంటి విరిగింది. నాకన్నా బాగా నడుస్తారు. నా ముందు నడుస్తూ, నేను ఆయాసంతో ఆగినప్పుడల్లా ఆయనా ఆగి చెప్పు సర్దుకునేవారు. పది రోజులు చూశాను. మొన్న అడిగేశాను, “రోజుకి ఎన్నిసార్లు జారుతుందండీ మీ చెప్పు?” అని. “మీరు ఎన్నిసార్లు ఆగితే అన్నిసార్లండీ” అన్నారు. వెనక్కి తిరిగి చూడకుండానే అన్నారు.

ఇంటికి వచ్చి నీ ఫిబ్రవరి ఉత్తరం మళ్లీ చదివాను.

తబితా గుర్తుందా? రెండు వేల మూడులో, స్కూలు వార్షికోత్సవం. పంతొమ్మిదేళ్ల పిల్ల, ఎంతో సరదా పడి చేరింది. రెండో కోపులో ఎడమకి తిరగాల్సింది కుడికి తిరిగింది. నేను ఈల వేసి ఆట ఆపి, ఆ పిల్ల చేతుల్లోంచి కర్రలు లాక్కుని, ఊరందరి ముందూ పక్కకి పంపేశాను. అదే కోపులో ఇంకో ఇద్దరు తప్పు తిరిగారు. వాళ్లు మన చుట్టాలు. ఆ ఇద్దరిలో ఒకదానివి నువ్వు. ముగ్గురిలో తబితా ఒక్కతే నాకు ఎందుకు కనపడిందో నీకు తెలుసు, నాకూ తెలుసు. ఊళ్లో తెలియనివాళ్లు లేరు. అప్పట్నుంచీ ఆ పిల్ల తోటల వెనక డొంక దారిన చుట్టూ తిరిగి వెళుతుంది గానీ మన వీధిలో అడుగు పెట్టదు.

వంక లేని జట్టని నేను చెప్పుకున్నది అలా వచ్చింది.

ఇవాళ పొద్దున లక్ష్మీనరసింహారావు గారికి ఫోన్ చేశాను. హాల్లో శ్రీలలిత, అల్లుడు, పనమ్మాయి అందరూ ఉండగానే చేశాను. “రమణమ్మ లేని జట్టుకి నా పేరు వాడొద్దండీ, ఉన్న జట్టుకి అడ్డం పడొద్దు” అన్నాను. ఆయన ఏదో అనబోతే పెట్టేశాను.

నూజివీడు వెళ్లండి. వంగే వెళ్లండి.

తబితా కనపడితే నేను బాధపడుతున్నానని చెప్పు.

అత్తయ్య

*

చాట్రాయి,
ఏప్రిల్ 22.

అత్తయ్యకు నమస్కారాలు. కోపం లేదు. రాయడం ఆలస్యమైంది, బంగినపల్లి కోతలు మొదలై షెడ్డు నిండా ట్రేలే. మా ఆట ఇప్పుడు స్కూలు ఆవరణలో.

ఆ రోజు నేను తప్పు తిరిగానని నాకు ఇరవై రెండేళ్లుగా తెలుసు. మీరు నన్ను చూసి కూడా చూడనట్టు ఊరుకున్నారని కూడా తెలుసు. రమణమ్మ పిన్ని విషయంలో అంత మొండిగా ఎందుకు నిలబడ్డానో మీరు అడగలేదు. ఇదే కారణం.

నూజివీడు ట్రాక్టరులో వెళ్లాం. ‘చాట్రాయి ఆడవాళ్లు’ అని పేరు ఇచ్చాం. మిగతా జట్లన్నీ ఒకే రంగు చీరల్లో మెరిసిపోతున్నాయి, మేం పదహారు మందిమి పదహారు రంగులు. మైకాయన నవ్వుతూ, “యూనిఫాం మరిచిపోయారా అమ్మా?” అన్నాడు. “తిరిగి ఇచ్చేశామండీ” అన్నాను.

జడ బాగా పడింది. అందరం వంగి లేస్తుంటే జనం చప్పట్లు కొట్టారు. విడదీసేటప్పుడు, సగం జడ విడిపోయాక, రమణమ్మ పిన్ని వేళ్లలోంచి తాడు జారి కింద పడింది. సరిగ్గా నా కాళ్ల దగ్గర పడింది, అత్తయ్యా. వంగితే అందుతుంది. అది లేకుండా జడ విడదు.

వంగబోయాను. పిన్ని నా వైపు చూసింది. ఆగాను.

నేను ఈల వెయ్యలేదు. ఉన్నచోటే అడుగులు వేస్తూ, ఎడమచేతి తాడు బిగించి పట్టుకుని, కుడిచేతి కర్రతో పక్కవాళ్ల కర్ర కొట్టాను. కీర్తిప్రియ అందుకుంది. పదిహేను మందిమీ అలా నిలిచిన చోటే, ఒక్క కర్రతో తాళం తప్పకుండా కొడుతున్నాం. పిన్ని తన కర్ర చంకలో పెట్టుకుంది. మెల్లిగా నా దగ్గరికి నడిచి వచ్చింది, కుడిచేత్తో తాడు తీసుకుంది, ఎడమచేతి మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుంది, మళ్లీ తన చోటికి వెళ్లి నిలబడింది. వినోద్ ఆ చరణమే మళ్లీ వేశాడు, ఎవరూ చెప్పకుండానే. పిన్ని కర్ర పైకెత్తింది. వెళ్లాం. జడ ఆఖరి పేట దాకా విడిపోయింది.

ప్రైజు రాలేదు. జడ్జీల్లో ఒకాయన మైకు పట్టుకుని, “బాగుంది గానీ మధ్యలో ఆగారు. చేయి పూర్తిగా పైకెత్తాలి, ఈ వంగడాలు తగ్గించాలి. వచ్చే ఏడు సరిదిద్దుకుని రావాలి” అన్నారు. రమణమ్మ పిన్ని నన్ను దాటుకుని ముందుకి వెళ్లింది. “నా చేయి ఇంతవరకే లేస్తుంది బాబూ. వచ్చే ఏడు కూడా ఈ చేయే తెస్తాను” అంది. మామూలు గొంతుతో, కూరగాయలు బేరం చేసినట్టు అంది. ఆయన మైకు పక్కవాళ్లకి ఇచ్చేశారు.

తిరిగి వచ్చేటప్పుడు ట్రాక్టరులో నా పక్కన కూర్చుంది. “నా దగ్గరే వంగితే బాగుండదని అందరి దగ్గరా వంగించావు. కర్ర నేను పెట్టినచోటికే తెస్తున్నారు. నాకు తెలియదనుకున్నారా?” అంది. “ఎవరూ పైకి అనలేదు కాబట్టి ఉండిపోయాను. ఇవాళ ఆ తాడు నువ్వు తీసిచ్చుంటే మాత్రం దిగిపోయేదాన్ని” అంది. తరవాత ఇల్లు వచ్చేదాకా పాడుతూనే ఉంది.

మర్నాడు స్కూలు ఆవరణలోకి ముగ్గురు కొత్తవాళ్లు వచ్చారు. ఒకరికి చెవులు సరిగా వినపడవు, ఒకరికి నడుంనొప్పి, ఇంకొకరికి ఏ బాధా లేదు, సిగ్గు మాత్రం కొండంత. చక్రానికి ఇంకా తాళ్లు కట్టించాలి.

తబితాకి మీ మాట చెప్పమన్నారు. చెప్పను. అది మీరే చెప్పాలి. ఇంటి నంబరు, వీధి వేరే చీటీ మీద రాసి ఇందులో పెడుతున్నాను. ఉత్తరాలు రాయడం మీకు బాగా వచ్చు.

ఉదయశ్రీ

*

బాపులపాడు,
మే 6.

చిరంజీవి ఉదయశ్రీకి, అత్తయ్య దీవెనలు.

నీ ఉత్తరం శ్రీలలిత చేత పైకి చదివించుకున్నాను. ఫిజియోథెరపీకి కూడా తీసుకెళ్లి మార్టిన్ గారికి ఇచ్చాను. ఆయన చదివి, కళ్లజోడు తుడుచుకుని, “ఆ చరణం మళ్లీ వేసిన వినోద్ ఎవరో గానీ మంచి డ్రైవరయ్యేవాడండీ” అన్నారు.

తబితాకి రాశాను. నాలుగు కాగితాలు చించి అయిదోది పోస్టు చేశాను. జవాబు వచ్చింది. అక్షరం పొల్లు పోకుండా నీకు ఎక్కిస్తున్నాను.

“పుష్పవతి గారికి, తబితా రాసేది. ఉత్తరం అందింది. ఆ రోజు నేను తప్పు తిరిగిన మాట నిజమే. అంతకి మించి జరిగింది కూడా నిజమే అని మీరు రాశారు, అది చాలు, ఇంక దాని గురించి రాయొద్దు. మొన్న నూజివీడులో మా అమ్మాయి లేయా, నేను జనంలో నిలబడి చూశాం. కింద పడిన తాడు ఎవరూ తియ్యకుండా, ఎవరూ వెళ్లిపోకుండా అందరూ ఆగారు. అది చూసి కోలాటానికి వస్తున్నాం. మీరు రమ్మన్నారని కాదు. మీ వీధిలోంచే వస్తాం. లేయాకి అడుగులు రావు, నేను మరిచిపోయాను. తప్పు తిరుగుతాం. ఎవరూ ఆపకూడదు.”

ఇంతే. క్షమించానని ఎక్కడా లేదు. ఉంటుందేమోనని రెండోసారి కూడా వెతికాను. లేదు. ఆమె ఇష్టం అది. నేను అడిగి తీసుకునేది కాదు.

లక్ష్మీనరసింహారావు గారు కబురు పెట్టారు, జట్టుని మళ్లీ నా చేతిలోకి తీసుకుంటే కమిటీ వెనక ఉంటుందని. జట్టుకి ఉదయశ్రీ అనే గురువు ఉందని చెప్పించాను. ఆమె దగ్గర నేర్చుకోవడానికి వెళుతున్నానని కూడా చెప్పించాను.

వచ్చే గురువారం వస్తున్నాను. శ్రీలలిత కారు మాట్లాడతానంటే వద్దన్నాను. హనుమాన్ జంక్షన్‌లో బస్సు ఎక్కుతాను, నూజివీడులో మారతాను. పదకొండింటికి చాట్రాయి సెంటర్లో దిగుతాను. ఆ వేళకి అక్కడ జనం ఉంటారని తెలుసు. వాకర్‌తోనే దిగుతాను, చూడనివ్వు.

మూడు మెట్లు దిగడానికి నాకు చాలాసేపు పడుతుంది. నువ్వు చేయి ఇవ్వకు. డ్రైవరు హారన్ కొట్టినా, కండక్టరు విసుక్కున్నా నువ్వేమీ అనకు. బస్సు ఆగి ఉంటుంది. నేను దిగుతాను.

అత్తయ్య